కళ్ళద్దాలావిడ కుడిచెయ్యి

పొద్దున ఎనిమిదింటికి అక్క తలుపు దగ్గరి యంత్రం మీద బొటనవేలు పెడుతుంది. పచ్చలైటు వెలుగుతుంది. స్వెట్టరు తొడుక్కుని, తలకి మఫ్లరు చుట్టుకుని, సర్వర్ల హాల్లోకి నడుస్తుంది. బయట ఎండ మాడ్చేస్తున్నా పద్దెనిమిదేళ్ళుగా ఆవిడకి ఒకటే చలికాలం. అక్క అని పిలుపే గానీ తోడబుట్టినవాళ్ళెవరూ లేరు. ఉద్యోగంలో చేరిననాడు ఎవడో అక్కా అన్నాడు, అదే అతుక్కుపోయింది.

హాల్లో రెండొందల ర్యాకులు. ఒక్కోదానికీ జాలీ తలుపు, తాళం, నంబరు. సొంత సర్వర్లు కొనుక్కుని, వాటికి ఆగని కరెంటూ చల్లగాలీ ఇవ్వలేని వ్యాపారస్తులు ఇక్కడ తలా ఒక ర్యాకో సగం ర్యాకో అద్దెకి తీసుకుంటారు. మిషన్లు వాళ్ళవి, చోటు వీళ్ళది. బ్రెడ్డు ఫ్యాక్టరీ పక్కన లారీల కంపెనీ, దాని నెత్తిన శవపేటికలు చేసేవాడు. ఒకే గదిలో భుజాలు రాసుకుంటూ ఉండి, పక్కవాడెవడో తెలియకుండా బతికేయడం మనుషులకే చేతనవుననుకుంటాం. వాళ్ళ మిషన్లూ నేర్చుకున్నాయి.

అద్దెకున్నవాళ్ళు ఇక్కడికి రారు. పనిబడితే ఫోను చేస్తారు. "ఆ నీలం వైరు పీకి పక్క కన్నంలో పెట్టు" అంటారు. అక్క పెడుతుంది. ఎవరి ర్యాకు తెరిచి పనిచేస్తే ఆ కాసేపూ అక్క చేతులు వాళ్ళ చేతులైపోతాయి. లారీలాయనది తెరిస్తే వేళ్ళ దాకా వెంట్రుకలు, గోళ్ళలో గ్రీజు. బ్రెడ్డాయనది తెరిస్తే ఉబ్బిన వేలికి ఉంగరం నొక్కుకుపోయి ఉంటుంది. పనయ్యాక పావుగంటకి ఎవరివి వాళ్ళకి పోతాయి. హాలు నిబంధనల్లో ఏడోది: సొంత చేతులు వచ్చేదాకా బయటి తలుపు యంత్రాన్ని ముట్టరాదు.

"ఇవాళ ఎవరివక్కా?" అంటాడు అద్దాల గోడ అవతలి గార్డు.

"లారీలాయనవి. చూడు, మళ్ళీ గోళ్ళు కొరుక్కున్నాడు. ఇంట్లో పడ్డట్టుంది చీవాట్లు."

"కూర్చో. టీ చల్లారేలోగా నీవి వచ్చేస్తాయిలే."

సొంత చేతులు వచ్చాక అక్క వాటిని స్వెట్టరు జేబుల్లో దోపుకునేది. ఆ చేతుల్ని ఆఖరుసారి పట్టుకున్నది అమ్మ. ఒక పొద్దున అమ్మ కుడిచేతిలోంచి గ్లాసు జారిపడింది. "తిమ్మిరే, కాసేపు పడుకుంటే పోతుంది" అంటూ ఎడంచేత్తో కూతురి చెయ్యి నొక్కి, డ్యూటీకి పంపించింది. అక్క సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా పడుకునే ఉంది. ఇక లేవలేదు.

ఏటా మేనేజరు ఒక ఫారం తెచ్చేవాడు. అందులో 'అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి' అన్న గడి అక్క ఖాళీగా వదిలేసేది.

"ఎవరో ఒకళ్ళని రాయమ్మా. ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోవట్లేదు."

"అయితే ఆ కంప్యూటర్నే వెతికిపెట్టమనండి, నాకెవరున్నారో."

పదకొండో ర్యాకు కింది సగం కళ్ళద్దాలావిడది. ఊరి అవతల కొస ఆవిడ కొట్టు, కొట్టు మీదే కాపురం. నలభై వేలమంది కంటి లెక్కలు ఆవిడ సర్వర్లో ఉన్నాయి. అక్క ఆవిడ మొహం ఎన్నడూ చూడలేదు. చేతులు మాత్రం కంఠతా వచ్చు. అద్దాలు సానబట్టీ పట్టీ నున్నబడిన చూపుడువేలు, బొటనవేలి మొదట్లో కాలిన మచ్చ, డెబ్భై దాటిన పల్చటి చర్మం. వారానికి నాలుగుసార్లు ఫోను చేసేది.

"ఏమే, పచ్చలైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ."

"దూరాన్నించి చెప్తే నమ్మడానికి నేనేమన్నా వెర్రిదాన్నా? తలుపు తీసి, చెయ్యిపెట్టి చూసి చెప్పు."

లైటుని చెయ్యిపెట్టి చూడక్కర్లేదని ఆవిడకీ తెలుసు, అక్కకీ తెలుసు. అక్క తాళం తీసేది.

"పెట్టానండీ. వెచ్చగా ఉంది."

"మిషను వెచ్చగానే ఉంటుంది. నీ హాలు చలే ఇక్కడ నా వేళ్ళకెక్కుతోంది. తొడుగులు వేసుకుని చావచ్చుగా!"

ఒక మధ్యాహ్నం ఆవిడ డిస్కుల్లో నాలుగోది చచ్చిపోయి ఎర్రలైటు వెలిగింది. దాని నకలు మూడోదాంట్లో ఉంది. అక్క ఫోను చెవికి తగిలించుకుని, కొత్త డిస్కు పట్టుకుని ర్యాకు తెరిచింది.

"నాలుగోది పీకు. పొరపాటున మూడోది పీకావో, నలభై వేలమందికి మళ్ళీ పరీక్షలు చెయ్యాలి నేను."

అక్క చెయ్యి చాచింది. ఆ కుడిచెయ్యి నాలుగోదాని మీదికెళ్ళి, జారి, మూడోదాని మీద పడి, అక్కణ్ణించి గుడ్డపేలికలా వేలాడిపోయింది. కొత్త డిస్కు నేల మీద పడింది.

"ఏమిటా చప్పుడు? పడేశావా? చేతులున్నాయా నీకు?"

"చేతులు మీవే కదండీ! కుడిచెయ్యి లేవట్లేదు."

"పొద్దుటినించీ అంతే. తిమ్మిరి. కాసేపు పడుకుంటే పోతుంది."

హాలు చలి అక్క వీపులోకి దిగింది.

"పడుకోకండి. ఇంట్లో ఎవరున్నారు?"

"అద్దాలున్నాయి."

జాలీ తలుపుకి తగిలించిన అద్దె ఫారం అక్క ఎడంచేత్తో లాగింది. అడ్రసు ఉంది. దాని కింద అదే గడి, అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి. అందులో ఆవిడ రాసిన నంబరు హాలు ఫోనుది, ఇప్పుడు అక్క చెవికున్నదే. పేరు దగ్గర 'పదకొండో ర్యాకు తెరిచే మనిషి' అని ఉంది.

అక్క పరిగెత్తి, ఫారాన్ని అద్దాల గోడకి నొక్కి, గోడని ఎడంచేత్తో బాదింది. "ఆంబులెన్సు! ఈ అడ్రసుకి! తొందరగా!" గార్డు ఎందుకని అడక్కుండా ఫోను తీశాడు.

"లేచి తలుపు గడియ తియ్యండి" అంది అక్క ఫోనులో. "ఎడంచేత్తో."

"అరుస్తావేమే?"

"అరుస్తాను. తియ్యండి."

"మరి నా డిస్కు..."

"మీ నలభై వేలమంది కళ్ళూ ఎక్కడికీ పోవు. మీరు లేవండి!"

కుర్చీ ఈడ్చుకుంటున్న చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గడియ తీసిన చప్పుడు. ఇంకాసేపటికి ఎవరివో బూట్లు, ఎవరివో గొంతులు.

పావుగంటకి అక్క ఎడంచెయ్యి తిరిగొచ్చింది. దాంతోనే ఎర్రలైటు డిస్కు పీకి, గూట్లోంచి ఇంకోటి తెచ్చి పెట్టింది. కుడిచెయ్యి మాత్రం పెద్దావిడదే, చచ్చుబడి వేలాడుతోంది. అక్క ర్యాకు వెనక, మిషన్లు వెచ్చటి గాలి వదిలేచోట నేలమీద కూర్చుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలూ రుద్దసాగింది. అరచేయి, మణికట్టు, మళ్ళీ వేళ్ళు. తలుపు యంత్రం ఎడం బొటనవేలికి తెరుచుకుంటోంది గనక ఇంటికెళ్ళింది, వచ్చింది, రుద్దింది. గార్డు టీ గ్లాసు అక్కకి ఎడంవైపు పెట్టడం మొదలుపెట్టాడు.

మూడోనాటి మధ్యాహ్నం ఆ కుడిచేతి వేళ్ళు అక్క ఎడంచేతిని గట్టిగా పట్టుకున్నాయి.

కాసేపటికి హాలు ఫోను మోగింది. ఆసుపత్రి నర్సు.

"పదకొండో ర్యాకు తెరిచే మనిషి మీరేనా? పెద్దావిడ చెయ్యి కదిలిందండీ. ఇంకాస్త ఆలస్యమైతే మనిషే దక్కేది కాదన్నారు డాక్టరుగారు. ఆవిడ మీకు ఏదో చెప్పమంటున్నారు, నాకైతే అర్థం కాలేదు."

"చెప్పండి."

"మరీ అంత గట్టిగా రుద్దొద్దట, తోలు ఊడొస్తోందట." నర్సు గొంతు తగ్గించింది. "కానీ వదలొద్దన్నారు."

ఆ వారమే మేనేజరు మళ్ళీ ఫారం తెచ్చాడు. అక్క ఏమీ అనకముందే కుడిచెయ్యి కలం అందుకుంది. ఖాళీ గడిలో, కంటిచీటీల మీద రాసి రాసి పక్కకి వాలిన సన్నటి అక్షరాలతో, కళ్ళద్దాల కొట్టు నంబరు వేసింది.

మేనేజరు ఫారం వెలుతురుకి పట్టి చూశాడు.

"ఈ రాత నీది కాదే?"

"కాదు" అంది అక్క. ఆ చేతిని జేబులో పెట్టుకోకుండానే పనిలోకి నడిచింది.