ఆటోకు కట్టిన సద్ది

ఉరుకుందమ్మ బొరుగుల ఉగ్గాని అమ్మే డీజిల్ ఆటోకు పందొమ్మిదేళ్లు. కర్నూలు ఆఫీసుల వీధిలో అది వచ్చి ఆగితే ముందు పొగ వచ్చేది, తర్వాత బజ్జీల వాసన వచ్చేది. "ఏమవ్వా, పోపు నువ్వు పెడ్తాండావా, ఆటో పెడ్తాండాదా?" అని గుమాస్తాలు అడిగేవారు. అడిగి తినేవారు.

అలాంటి బండ్లు తీసుకుని వాటి బదులు కరెంటు బండ్లు ఇచ్చే పథకం కార్పొరేషన్ వాళ్లు పెట్టారు. బండితోపాటు, రైతుబజారు గోడ పక్కన చార్జింగు పెట్టుకోవడానికి ఒక కార్డు ఇస్తారు. షరతు ఒకటే. పాత ఆటోను తుక్కు యార్డుకు అప్పగించాలి, అదీ ఖాళీగా.

"లోపల నీ వస్తువులేమన్నా ఉండాయా అవ్వా?" అని అప్పగింత రోజు ఆ పథకం చూసే నాగశ్రీ అడిగింది.

"ఏమీ లేవు పాపా" అని ఉరుకుందమ్మ సంతకం పెట్టింది.

అబద్ధం. సీటు కింద తెల్లగుడ్డలో ఆరు జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి మూటగట్టి పెట్టింది. తన గడప దాటి దూరం పోయేవాళ్లను ఆమె సద్ది లేకుండా పంపదు. ఒక్కసారే పంపింది. మొగుడు నరసింహ మంగంపేట గనుల్లో లారీ తోలడానికి పోయిన రోజు, ఆమె ఇంకా మూట ముడి వేస్తుండగానే కడప బస్సొచ్చింది. మూట పట్టుకుని మలుపు దాకా పరిగెత్తింది. అతను రాయచోటిలో ఇంకో సంసారం పెట్టాడని కొందరు చెప్పారు, రాజంపేట దగ్గర లారీ బోల్తాపడి పోయాడని కొందరు చెప్పారు. రెంటిలో ఏది మేలో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ వైపు నుంచి వచ్చే బస్సులను గుర్తుపట్టడానికి బోర్డుల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం మాత్రం నేర్చుకుంది. ఆ తర్వాత పోయిన వాళ్లందరికీ సద్ది కట్టింది. తిన్నామని ఒక్కరూ కబురు పెట్టలేదు.

కరెంటు బండి చప్పుడు లేకుండా వచ్చేది. వచ్చిందని ఎవరికీ తెలియక మొదటి రెండు రోజులూ ఉగ్గాని మిగిలిపోయింది. మూడో రోజు నుంచి తమ్ముడు తిమ్మయ్య బండి తోలుతుంటే ఆమె గరిటెతో గిన్నె మీద కొట్టింది. జనం వచ్చారు.

పదో రోజు యార్డు నుంచి కాగితం వచ్చింది. ఆటోలో యజమాని మూట ఒకటి దొరికిందట. యజమాని స్వయంగా వచ్చి తీసుకుపోయేదాకా ఆటోను తుక్కు చేయరట. అది తుక్కు కాకపోతే శనివారం నుంచి చార్జింగు కార్డు పనిచేయదట. ఉరుకుందమ్మ కాగితం చేతబట్టుకుని, తిమ్మయ్యను వెంటబెట్టుకుని నాగశ్రీ దగ్గరికి పోయింది.

"పోయి తెచ్చుకో అవ్వా. అర్ధగంట పని."

"కట్టిచ్చిన సద్ది వెనక్కి తెచ్చుకోరు పాపా."

"తెచ్చుకుంటే ఏమైతాది?"

"పోయినోళ్లు దోవలో పస్తుంటారు."

"అది ఆటో అవ్వా."

"ఆటో అని నాకు తెల్దా? పందొమ్మిదేండ్లు దానికి డీజిలు పోయించింది నేనే గదా."

తిమ్మయ్య తల పట్టుకున్నాడు. "అక్కా, శనివారం నుంచి బండి కదల్దు. నేనే తొయ్యల్ల. నాకూ సద్ది కడ్తావా?"

"నువ్వు యాడికీ పోవు గదా."

బండి కదలకపోతే పొయ్యి వెలగదు. ఆ సంగతి అతనికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా కొంగు ముడి విప్పి, చార్జింగు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"తీస్కో పాపా. మూట మాత్రం తేను."

నాగశ్రీ కార్డు వంక చూసింది, ఆమె వంక చూసింది.

"ఆ మూట నీదా, ఆటోదా?"

"ఆటోది. దానికే కట్టినా."

నాగశ్రీ ఫైలు తెరిచింది. ఆటోతోపాటు పోయే సామాను జాబితా అందులో ఉంది. జాకీ ఒకటి, స్టెప్నీ ఒకటి, పానా ఒకటి. వాటి కింద 'సద్ది మూట ఒకటి' అని రాసింది. యార్డు వాళ్లు పంపిన ఫోటో ఫోనులో చూసి, పక్కనే 'రొట్టెలు నాలుగు' అని చేర్చింది.

"సరిచూసుకోని సంతకం పెట్టు."

ఉరుకుందమ్మ ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"నాలుగా?"

"నాలుగే. ఫోటోలో ఉండాయి సూడు."

"నేను ఆరు కట్టినా."

నాగశ్రీ పెన్ను మూత పెట్టేసింది. "మిగతా రెండు యాడ పోయినాయని ఇంకో అర్జీ పెడ్తావా ఏంది అవ్వా?"

"వాచ్‌మన్ తినింటాడులే అక్కా" అన్నాడు తిమ్మయ్య.

"ఎవరో ఒకరు తిన్యారు గదా" అంది ఉరుకుందమ్మ.

సంతకం పెట్టింది. కార్డు తీసుకుని మళ్లీ కొంగున ముడి వేసుకుంది. మెట్లు సగం దిగాక ఆగి, శనక్కాయల పొడిలో ఉప్పు సరిపోయిందో లేదో నాగశ్రీ చేత యార్డుకు ఫోను చేయించి కనుక్కోమని తిమ్మయ్యను వెనక్కి పంపింది.