విషం లేని ఆకుకూర

కూతురు మధుమిత చిన్నప్పుడు ఆయాసంతో పడుకోలేక గోడకు ఆనుకుని కునికేది. అది చూడలేక రంజని ఇల్లంతా ఏరిపారేసింది. దోమల చుట్టలు పోయాయి, ఫినాయిలు పోయింది, ప్లాస్టిక్ డబ్బాలు పోయాయి. గిన్నెలకు కుంకుడుకాయ పొడి వచ్చింది, నేల తుడవడానికి నిమ్మతొక్కలు పులియబెట్టిన నీళ్లు వచ్చాయి. వంటింటి చెత్త మట్టికుండల్లో మాగి ఎరువయింది. ఇంటి వెనక, మామగారి కాలంలో పత్తి పండిన నేలలో, తోటకూర, పొన్నగంటి, వంగ, మునగ బోరు నీళ్లతో కళకళలాడాయి. పిల్ల ఆయాసం నిజంగానే తగ్గింది. ఇప్పుడు మధురైలో కాలేజీ చదువు చదువుతోంది.

కోయంబత్తూరు దగ్గర కారమడై రోడ్డులో ఆ ఇల్లు తెలియనివాళ్లు లేరు. శనివారాలు సాయంత్రం ఆడవాళ్లు వచ్చి వసారాలో చాపల మీద కూర్చునేవాళ్లు. ఎరువు ఎలా చేయాలో, సబ్బు లేకుండా బట్టలు ఎలా ఉతకాలో రంజని చేసి చూపించేది.

"మార్కెట్ కీరై, ఆకుకూర మీద కొట్టేదంతా పురుగుమందే. తినేది ఎవరు? మన బిడ్డలే కదా. ఇంటి వెనక ఇంత ఆకుకూర వేసుకునేకి ఏం కష్టం ఉండాది?" అనేది. అత్తగారు కమలమ్మాళ్ ఊయల బల్ల మీద కూర్చుని, కోడలి మాటకు తల ఊపుతూ ఉండేది. ఆవిడకు ఆకుకూర లేనిదే ముద్ద దిగేది కాదు.

పనిచేసే జెబమలర్ కూడా రోజూ ఇంటికి పోయేటప్పుడు తన బిడ్డకు పెట్టడానికి ఒక కట్ట పట్టుకుపోయేది. ఆమె ఉండేది వెనక వీధిలో. అక్కడ చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే, కూలిపనుల వాళ్లు. ఆమె భర్త తమిళ్‌సెల్వన్ రంజని భర్త ముకుంద్ దగ్గర పని. ముకుంద్ ఆవరణ చివర షెడ్డు వేసి, పంపుసెట్ల విడిభాగాలకు నికెల్ పూత వేయించేవాడు. ఇల్లు గడిచేది ఆ షెడ్డు మీదే.

రంజనికీ ముకుంద్‌కూ చిన్న చిన్న తగాదాలు ఉండేవి. తాగే నీళ్ల మీద ఒకటి. ముకుంద్ ఇంట్లో కొనుక్కునే కేను నీళ్లు వేయిస్తానంటాడు. ఎండలో లారీల మీద తిరిగిన ప్లాస్టిక్ కేను నా గడప తొక్కకూడదని రంజని అంటుంది. బోరు నీళ్లు కాచి, మట్టికుండలో పోసి, అవే ఇంటిల్లిపాదికీ ఇచ్చేది. ముకుంద్ మాత్రం షెడ్డులో తన గదిలో కేను పెట్టుకున్నాడు. ఆయన మొండితనం అనుకుని ఆమె ఊరుకుంది.

ఆ వేసవిలో కమలమ్మాళ్ కాళ్లు వాచాయి. తర్వాత ముఖం ఉబ్బింది. కోయంబత్తూరులో పెద్ద డాక్టరు పరీక్షలు చూసి, మూత్రపిండాలు బాగా చెడిపోయాయన్నాడు. షుగరు లేదు, బీపీ లేదు. ఆయనకు అంతుబట్టలేదు.

"ఇంటి పక్కన ఫ్యాక్టరీ ఏమైనా ఉందా? తాగే నీళ్లు ఎక్కడివి?" అని అడిగాడు.

"లేదు డాక్టర్. మా ఇంట్లో సబ్బు కూడా వాడము. బోరు నీళ్లు, మా తోట కీరై, అంతే" అంది రంజని, కాస్త గర్వంగానే.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె నోట అది ఎప్పుడూ షెడ్డే, ఫ్యాక్టరీ కాదు. కారు సగం దారి వచ్చాక ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

ఇంటికి రాగానే అత్తగారిని పడుకోబెట్టి, చీర కూడా మార్చకుండా షెడ్డు వెనక్కి వెళ్లింది. ఆ వైపు ఎప్పుడూ పోయింది లేదు. గోడలోంచి ఒక నీలం గొట్టం బయటికి వచ్చి, ముళ్లకంపల చాటున, ఎండిపోయిన పాత బోరు గొంతులోకి దిగి ఉంది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. చుట్టూ మట్టి ఆకుపచ్చగా అట్ట కట్టింది. అక్కడినుంచి చూస్తే ఆమె తోట బోరు కనిపిస్తోంది.

ముకుంద్ వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు.

"ఎప్పటినుంచి?" అంది రంజని.

"పూత నీళ్లు వదిలే గుంత నిండినప్పటినుంచి. ట్యాంకరులో శుద్ధి చేసేచోటికి పంపితే గిట్టదు. అందరూ ఇట్లనే చేస్తుండారు."

"అందుకేనా మీరు కేను నీళ్లు తాగేది?"

ముకుంద్ ముళ్లకంప వైపు చూశాడు. "ఇంట్లోకీ తెప్పిస్తానంటే వద్దన్నది ఎవరు? అమ్మకు నేను ఎన్నితూర్లు చెప్పినాను? నువ్వే కదా, ప్లాస్టిక్కు ప్లాస్టిక్కు అని అడ్డం పడింది."

"ఏంటికని చెప్పినారా? విషం ఉండాదని ఒక్కమాట చెప్పినారా?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకోనని ఇద్దరికీ తెలుసు. ఆ పూటే రంజని తోట మోటారు ఆపేసింది. ఎండాకాలం కదా, ఆకుకూరలు చూస్తుండగానే తలలు వాల్చాయి. కమలమ్మాళ్‌కు వారం వారం డయాలసిస్ మొదలైంది. కారణం ఇదేనని తేల్చి చెప్పలేనన్నాడు డాక్టరు. కాదనీ చెప్పలేదు.

రంజని కాలుష్య నియంత్రణ ఆఫీసుకు ఫోన్ చేసింది. పేరు చెప్పలేదు, చిరునామా మాత్రం చెప్పింది.

ఇద్దరు అధికారులు వచ్చారు. ముకుంద్ వాళ్లకు మజ్జిగ ఇప్పించి, ముందు ఇల్లు చూపించాడు. ఎరువు కుండలు, నిమ్మతొక్కల జాడీలు, చాపలు పరిచే వసారా.

"ఇదంతా నా భార్య చేసేది సార్. ఊరికంతా నేర్పించింది. మా ఇంట్లో ఒక్క ప్లాస్టిక్ కవరు ఉండదు."

"రొంబ నల్ల విషయం అమ్మా" అని, చాలా మంచి పని అని తమిళంలో మెచ్చుకుంటూ, అధికారుల్లో పెద్దాయన ఆమెకు దండం పెట్టాడు. రంజని తిరిగి దండం పెట్టలేదు.

"షెడ్డు వెనక పాత బోరు ఉండాది, అది చూడండి" అంది.

ముకుంద్ ముఖం మారలేదు. తానే ముందు నడిచి తీసుకెళ్లాడు. గొట్టం లేదు. బోరు నోటికి సిమెంటు బిళ్ల బిగించి ఉంది. ఆకుపచ్చ మట్టి చెక్కేసి, ఎర్రమట్టి పోసి ఉంది. ఆఫీసులోంచి ఎవరో ముందే ఆయన చెవిన వేశారు. అధికారులు షెడ్డులో కాసేపు తిరిగి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు తమిళ్‌సెల్వన్‌ను పనిలోంచి తీసేశారు.

"ఫోన్ చేసింది నేను" అంది రంజని.

"తెలుసు" అన్నాడు ముకుంద్, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. "వాడేనని మిగతావాళ్లు అనుకోవాల. లేకుంటే రేపు ఇంకొకడు చేస్తాడు."

పొద్దెక్కాక జెబమలర్ వచ్చింది. పనికి కాదు. గడప బయటే నిలబడి ఏడ్చింది.

"అమ్మా, ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. యేసయ్య మీద ఒట్టు. మీరు ఒక మాట అయ్యకు చెప్పండమ్మా."

"చెప్పింది నేనే జెబా" అంది రంజని. తర్వాత మిగతాదీ చెప్పింది. గొట్టం, బోరు, ఇన్నాళ్లు తాను చేతికిచ్చిన కట్టలు. "మీ వీధి పంపు నీళ్లు తాగొద్దు. బిడ్డకు అసలే ఇయ్యొద్దు."

జెబమలర్ ఏడుపు ఆగిపోయింది.

"మరి ఏ నీళ్లు తాగేది?"

రంజని లోపలికి పోయి, అత్తగారి కోసం తెప్పించిన కేనుల్లో ఒకటి మోసుకొచ్చి గడప మీద పెట్టింది. జెబమలర్ దాన్ని ముట్టలేదు.

"మంచిది కదా, విషం లేదు కదా అని, బిడ్డ వద్దని ఏడ్చినా నోట్లో కుక్కినానమ్మా" అంది. "మీరు ఫోన్ చేసినారు. పోయింది మా పని." మెట్లు దిగి వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే ఆ కుటుంబం బోడినాయకనూరులో ఆమె పుట్టింటికి, ఏలక్కాయలు ఏరే పనికి తరలిపోయిందని వీధిలో వాళ్లు చెప్పారు.

జెబమలర్ వచ్చివెళ్లిన వారమే, శనివారం ఆడవాళ్లు వచ్చారు. రంజని వాళ్లను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరూ అరవలేదు. ఒకామె కొడుకు షెడ్డులోనే పని, ఇంకొకామె మరిదికి అలాంటి షెడ్డే ఉంది. "ఇంటి విషయం బయట పెట్టుకుంటారా అమ్మణీ" అని పెద్దావిడ ఒకతె మెల్లగా మందలించి లేచింది. మిగతావాళ్లూ లేచారు. మళ్లీ ఎవరూ రాలేదు.

ముకుంద్ వెనక వీధికి మంచినీళ్ల ట్యాంకు కట్టించాడు. దాని మీద తండ్రి పేరు రాయించాడు. షెడ్డు నడుస్తూనే ఉంది. ఇప్పుడు షెడ్డు విషం నీళ్లు నీలం పీపాల్లో నింపి, వ్యాను ఎక్కిస్తున్నారు.

ఒక సాయంత్రం వ్యాను గేటు దాటుతుంటే రంజని అడిగింది, "ఇది ఎక్కడికి పోతుండాది?"

"నీ తోటకు కాదు కదా" అన్నాడు ముకుంద్.

వ్యాను మేట్టుపాళయం వైపు, కూరగాయల తోటల వైపు తిరిగింది. లోపలినుంచి కమలమ్మాళ్ ఆకలి అని పిలిచింది. డాక్టరు ఆవిడను ఆకుకూరలు ముట్టవద్దన్నాడు. రంజని వంటింట్లోకి వెళ్లి, ఆవిడకు ఉప్పు లేని గంజి కాచసాగింది.