స్వాతి అని పిలిపించుకున్న సువార్త

హన్మకొండ చౌరస్తా దగ్గర చీరల దుకాణం వెనకగదిలో ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్న ఆవిడ అక్కడందరికీ స్వాతి. అసలు పేరు సువార్త. పనిలో చేరిననాడు యజమానురాలు పద్మలత పేరడిగితే, గోడ మీది దేవుళ్ల పటాలు చూసి, పని పోతుందేమోనని నోటికొచ్చిన పేరు చెప్పేసింది. రెండు రోజులాగి నిజం చెబుదామనుకుంది. ఆ రెండు రోజులే ఆరేళ్లయ్యాయి.

అట్లాగని భక్తి లేని మనిషి కాదు. హసన్‌పర్తిలో వాళ్ల సంఘం స్త్రీల కూడికలో సువార్త ప్రార్థన చేస్తే కళ్లు చెమర్చని వాళ్లుండరు. "ప్రభువా, నిన్ను గురించి పదిమందిలో చెప్పే ధైర్యం దయచేయుము" అని ప్రతి వారం అడిగేది. ఆ ప్రార్థనలు వినడం వల్లే కూరగాయలమ్మే సోమక్క పోయినేడు బాప్తిస్మం తీసుకుంది. మొగుడు కట్టయ్య వద్దన్నా వినలేదు.

ఆ సోమక్కే ఒక మధ్యాహ్నం దుకాణంలోకి వచ్చింది. నేరుగా వెనకగది గుమ్మం దాకా వచ్చి, "సువార్తక్కా!" అని పిలిచింది.

పద్మలత అక్కడే ఉంది. "సువార్త ఎవరమ్మా?" అంది.

"గీ అక్కనే. మా ప్రార్థనల..."

"నేను కాదమ్మా. నా పేరు స్వాతి. ఎవరో అనుకుంటానవ్," అంది సువార్త తలెత్తకుండా. మిషన్ తొక్కుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదన్న సంగతి కూడా చూసుకోలేదు.

సోమక్క పద్మలత వైపు తిరిగింది. "నాదే తప్పు మేడం. మా అక్క జర గిట్లనే ఉంటది. ఏమనుకోకుండ్రి," అని వెళ్లిపోయింది. తన పరువు కాయడానికి ఆమె ఆడిన ఆ అబద్ధం సువార్తకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

పద్మలత ముందుగదిలోకి వెళ్లాక, పక్క మిషన్ మీది అనీస్ బేగం దారం కొరుకుతూ అంది. "అన్నం ముంగట రోజూ కండ్లు మూస్తవ్. నాకు తెల్వదా? నేను గీ మూలకే నమాజ్ చదువుత. మేడం ఒక్కనాడన్న ఏమన్నదా? ఎవలకు భయపడ్డవ్ చెల్లె?"

సువార్త సూది కింద గుడ్డ పెట్టుకుంది.

పని వదలగానే సోమక్క కూరలమ్మే చోటికి వెళ్లింది. క్షమించమంది.

"ఊకో అక్కా. నాకు లేదా భయం? పొద్దుగాల మా ఆయన నా బైబిల్ గుంజుకొని మురికి మోరీల పడేసిండు. నువ్వు ప్రార్థన చేస్తే ధైర్యమొస్తదని వచ్చిన. గంతే."

సువార్త గోనెసంచి మీద కూలబడి సోమక్క చేతులు పట్టుకుంది. కూడికలో ధారగా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. "ప్రభువా, ఈమె ఎవరో తెల్వదన్న. నిన్ను గూడ తెల్వదన్నట్టే," అని మాత్రం అనగలిగింది. బేరమాడే వాళ్లు వింతగా చూశారు. సోమక్కే ఆమెన్ అంది.

మర్నాడు పద్మలతకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. పద్మలత చేతిలోని చీర పక్కన పెట్టింది. "మతం నీ ఇష్టం. గని ఆరేండ్ల సంది నన్నెట్లాంటి మనిషనుకున్నవ్?" అంది. కోప్పడినా బాగుండేది. భయపడినదేదీ జరగనందుకు సువార్తకు సిగ్గు ఇంకా పెరిగింది.

ఆ సాయంత్రం తన బైబిల్ సోమక్కకిద్దామని తీసుకుని, ఆమె వెంట వాళ్లింటికి బయలుదేరింది. గేటు దగ్గరికి రాగానే లోపల్నుంచి కట్టయ్య అరుపు వినిపించింది. సువార్త కాలు తనకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి పడింది. అది సోమక్క చూసింది, గేటు తెరిచింది. రోజూ ఆ అరుపుల్లోకే వెళ్లే మనిషి ఆమె.

సువార్త తల దించుకుని, సోమక్క వెనకే లోపలికి నడిచింది.