మంచి అల కోసం దాచిన బోర్డు

నేను ఒక సర్ఫింగ్ బోర్డును. అలల మీద నిలబడి పరుగు తీయాలని మనుషులకు ఎందుకు బుద్ధి పుట్టిందో గానీ, అందుకోసం చేసిన వస్తువును. పుట్టింది విశాఖపట్నం జాలరిపేటలో, ఫైబర్ తెప్పలు తయారుచేసే రేకుల షెడ్డులో. దేశదేశాలు తిరిగాను. గొప్పలు పోతున్నానని అనుకోకండి, తిరిగిందంతా జిప్పు వేసిన సంచిలోనే.

నన్ను చేసినవాడు సింహాద్రి. తెప్పలు చేసి చేసి చెయ్యి తిరిగిన మనిషి. మేనకోడలు నూకరత్నం చేపల అమ్మకం మాని అలల మీద ఆటలేమిటని పేటంతా ముక్కున వేలేసుకుంటే, ఆయన మాత్రం ఆమె కోసం బోర్డులు చేయడం నేర్చుకున్నాడు. మొదటివాటిలో నీళ్లు చేరాయి, తర్వాతవి వంకరపోయాయి. అయినా వాటి మీదే ఆడి గెలిచి, ఏడాది పొడవునా ఒక్కో దేశంలో జరిగే ప్రపంచ పోటీలకు రత్నం ఎంపికైంది. ఆ సంబరంలో ఆయన నన్ను మొదలుపెట్టాడు. నురుగు దిమ్మను చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, పైన ఫైబర్ గుడ్డ పరిచి జిగురు పోశాడు. పని మధ్యలో ఆగి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. వణుకు పట్టుకుంది. నేను పూర్తయ్యాక పనిముట్లన్నీ తుడిచి గోనెసంచిలో కట్టేశాడు.

కొత్త తెప్పకు చేసినట్టే నా ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి ఒక ఉదయం రుషికొండ దగ్గర నీళ్లలోకి దింపారు. రత్నం నా మీద నిలబడి మడమతో కాస్త ఒత్తింది. ఆమె అనుకోవడం, నేను తిరగడం ఒకేసారి జరిగాయి. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూర్చుని ఏడ్చేసింది, సంతోషంతోనే. ఎన్ని బోర్డులు మార్చినా ఇలా మనసెరిగి తిరిగేది ఒక్కటి దొరికితే అదృష్టమని ఈ ఆటవాళ్లు అంటారు.

ఆ వెంటనే నన్ను తుడిచి దుప్పటి చుట్టింది.

"దీన్ని దాసుకుంటాను మావా. పెద్ద రోజు వస్తాది గదా, అప్పుడు తీస్తాను."



మనుషుల తీరే అంతని నాకు తర్వాత తెలిసింది. కొత్త చీర పెట్టెలో ఉంటుంది, ఒంటి మీద వెలిసిపోయినది ఉంటుంది. మంచి గ్లాసులు అలమరలో మెరుస్తుంటే ఇంటిల్లిపాదీ సొట్టగ్లాసుల్లో టీ తాగుతారు. అలాగని రత్నం భయం ఉత్తది కాదు. ఒక్క చెడ్డ అల తగిలితే నేను రెండు ముక్కలు. ఇంకొకటి చేద్దామంటే ఆ చేతులు ఇక పనికి లొంగవు.

సీజను ఆస్ట్రేలియాలో మొదలైంది. సంచిలో నా పక్కన దుకాణంలో కొన్న బోర్డులు ఉండేవి. పొద్దున్నే జిప్పు తెరుచుకునేది. చెయ్యి లోపలికొచ్చి నన్ను తడిమేది, కాస్త ఆగేది, పక్కదాన్ని తీసుకుని వెళ్లిపోయేది. సాయంత్రానికి అది తడిసి తిరిగొచ్చేది. మొదటి రౌండు కూడా దాటలేదట. దక్షిణాఫ్రికాలో వాటిలో ఒకటి విరిగింది. నిన్ను తియ్యకపోవడమే మంచిదైందంటూ రత్నం నా వీపు నిమిరింది. నేనైతే విరిగేదాన్ని కాదని చెప్పలేను. ఆ అల మీద ఉండేదాన్నని మాత్రం చెప్పగలను. పోర్చుగల్‌లో అలలు అచ్చం మన రుషికొండ అలల్లాగే ఉన్నాయని ఆమె మామతో ఫోనులో చెప్పింది.

"అయితే మనదాన్ని తియ్యవే," అన్నాడు సింహాద్రి.

"ఇప్పుడే కాదు మావా. సివర్న హవాయి ఉంది."

"ఎక్కడానికే గదే అమ్మా సేసినాను. ఇరిగితే ఇరుగుద్ది."

రత్నం నవ్వి మాట మార్చింది. అక్కడ కూడా ఓడిపోయింది.

హవాయిలో దుకాణం బోర్డులతోనే తొలి రౌండ్లు దాటేసరికి పరిస్థితి ఇదీ: సెమీఫైనల్‌కు వెళ్తే మరుసటి ఏడు పోటీల్లో చోటుంటుంది, లేకపోతే ఇంటిదారే. అందుకు ఇంకొక్క రౌండు గెలవాలి. ఆ ఉదయం చెయ్యి నన్ను తడిమి, ఇక వదల్లేదు. కాలు జారకుండా నా వీపుకు మైనం రుద్దింది. ఆ వాసనకే నాకు ప్రాణం లేచొచ్చింది.

సముద్రం మాత్రం ఆ రోజు మందకొడిగా ఉంది. ఈ ఆటలో ఇద్దరు నీళ్లలో ఉంటారు. వంతు ఎవరిదైతే వాళ్లు ముందు అలను ఎంచుకోవచ్చు. ఎక్కగానే వంతు రెండోవాళ్లకు పోతుంది. అప్పుడు వంతు రత్నానిది. చిన్న అల వచ్చింది, వదిలేసింది. ఇంకొకటి వచ్చింది, అదీ వదిలేసింది. నాకు తగిన అల రావాలని ఆమె ఆశ. ఎదుటి బ్రెజిల్ అమ్మాయి ఈమె వదిలేసినవన్నీ ఏరుకుని, ఒక్కొక్కదాని మీదా ఒడ్డుదాకా ఆడుకుంటూ పోయి మార్కులు పోగేసుకుంది. రత్నం నాకు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని దూరానికే చూస్తోంది. నాకు నోరుంటే, ఇదే చాలమ్మా, లేచి నిలబడు అని బతిమాలేదాన్ని.

సమయం అయిపోయిందని కూత వినిపించింది. పెద్ద అల రాలేదు. కూత పడ్డాక అల మీద నిలబడకూడదు, అదీ నియమమే. ఆమె నా మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకొచ్చింది. మొహం నాకే ఆనించి ఏడ్చింది. ఈసారి సంతోషంతో కాదు.

ఇంటికొచ్చాక సింహాద్రి వణికే చేతితో నన్ను ముక్కు నుంచి తోక దాకా తడిమాడు. తిప్పి మళ్లీ తడిమాడు.

"ఒక్క దెబ్బ కూడా తగల్లేదేటే," అన్నాడు.



ఆయన పోయాక నా విలువ ఇంకా పెరిగింది. అంటే ఇంకా భద్రంగా దాచాల్సినదాన్నయ్యాను. రత్నం ఇప్పుడు రుషికొండలో పిల్లలకు సర్ఫింగ్ నేర్పుతోంది. వాళ్లకు దెబ్బలు తిన్న బోర్డులు ఇస్తుంది. నన్ను గోడ మీద అద్దాల పెట్టెలో పెట్టించింది. వచ్చినవాళ్లు ఆగి, ఎంత కొత్తగా ఉందో అని మెచ్చుకుంటారు. అప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకుంటుంది.

నాకున్నది రుషికొండలో ఆమె నా మీద నిలబడిన ఆ ఒక్క ఉదయమే. ఎదురుగా కిటికీ ఉంది. అందులోంచి అలలు కనిపిస్తూ ఉంటాయి. చిన్నవే. ఎక్కడానికి సరిపోతాయి.