ఒకటో బావి నీళ్లు

నెలకోసారి గొట్టాలమ్మ చేసే పని ఇంతే. మూతపడిన పెట్రోలు బంకు చుట్టూ ఆరు గొట్టపు బావులు, ఒక్కోటి అరచెయ్యంత వెడల్పు. టేపు దించి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలవాలి. నిలవనీళ్లు తోడి డ్రమ్ములో పోయాలి. కొత్తనీళ్లు ఊరాక సీసా నింపి, బావి నంబరు అంటించి, పరీక్షకి పంపే ఐసుపెట్టెలో పెట్టాలి. కాస్త బుర్ర ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు. అందుకే సెంటు సారుకి ఆ పని ఇవ్వలేదు, అధికారం ఇచ్చారు.

ఆయనగారు సెంటు పూసిన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. బంకు కింద పెట్రోలు కారి పాడైన మట్టిని తవ్వి లారీల్లో దూరపు శుద్ధి యార్డుకి పంపాలి. అంత దూరం ఎవడు పోతాడని పల్లంలో ఉన్న సందు వెనక గుంటలో పోయించి, యార్డుకి చేరినట్టు ప్రతి చీటీ మీదా సంతకం గిలికాడు. ఆ సందులోనే గొట్టాలమ్మ అక్క, ఆమె ఇద్దరు పిల్లలు. వాళ్ల చేతిపంపుకి రెండేళ్లుగా తాళం. వరసగా నాలుగు నెలలు నీళ్లు శుభ్రమని తేలితే తాళం తీస్తారు. తీశారంటే పిల్లలు ఆ నీళ్లే తాగుతారు.

"ఆరు సీసాలూ ఒకటో బావిలోనే నింపు" అన్నాడు సారు. ఆ బావి ఎగువన, ఆయన కొత్తింటి ప్రహరీ పక్కన. అందులో నీళ్లు తేటగా ఉండేవి.

"ఆరో బావి నీళ్లు అగ్గిపుల్ల గీస్తే అంటుకునేలా ఉన్నాయి సార్. దిగువన మా అక్క పిల్లలున్నారు."

"వేరే చోట కాపురం పెట్టమను. నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

కావాలి. తన చేతుల్ని తనే అసహ్యించుకుంటూ నింపింది. తన సొంత నోటుబుక్కులో మాత్రం ఆరు బావుల నిజం రాసుకుంది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ ఊళ్లో ఒలికిన పెట్రోలుకి పల్లంతో పనిలేదు. దాని గురించి అబద్ధం చెప్పినవాడి ఇల్లు వెతుక్కుంటూ పోతుంది, ఎగువైనా సరే. ట్యాంకు కారడం లేదని బంకు ఓనరు ఒట్టేస్తే ఆయన మంచం కింద ఊరింది. ఆయన మంచం ఎత్తుకుని ఊరు వదిలాడు. ఇది పాలవాడికి కూడా తెలుసు. బదిలీ మీద వచ్చిన సారుకి ఎవర్నైనా ఏదైనా అడిగే అలవాటు లేదు. కాకపోతే మట్టిలో నడక కదా, నిదానంగా సాగుతుంది. పెట్రోలు ముందు కదులుతుందా, పంపు తాళం తీసే కాగితం ముందు వస్తుందా అన్నదే గొట్టాలమ్మ బెంగ.

మొదటి నెల, రెండో నెల, మూడో నెల సారు సంతకం పెట్టిన కాగితాల్లో అన్నీ శుభ్రం. నోటుబుక్కులో ఆరో బావి వాసన తగ్గింది, తర్వాత అయిదోది, నాలుగోది.

నాలుగో నెల ఒకటో బావిలోంచి గొట్టం లాగితే నీళ్ల మీద వేలెడు మందాన పెట్రోలు తేలింది.

"సార్, ఈసారైనా ఏ బావి నీళ్లు ఆ బావి సీసాలో పోద్దామా?" అడగడం ధర్మం గనక అడిగింది.

"నీ బుర్రలో ఉన్నది గుజ్జా, మట్టా? ఒకటో బావి!" అన్నాడు రుమాలు చాటునుంచి. ఆ సెంటు ఘాటులో ఇంకో వాసన ఆయనకెక్కడ తెలుస్తుంది!

"అయితే సంతకం పెట్టండి సార్." ఆరు సీసాల మీదా పెట్టాడు.

ఆరూ పాడని తేలాయి. పైఅధికారులు దిగి బావులన్నీ మళ్లీ తోడించారు. అయిదు శుభ్రం. గుంటలో మట్టికి వాసనే లేదు. పెట్రోలంతా సారు ఇంటి కింద ఉంది. హాల్లో నున్నటి పలకలు లేపి, మనిషి లోతు తవ్వారు. ఆ మట్టిని టార్పాలిన్ కప్పిన లారీల్లో పంపారు. ప్రతి లారీలో డ్రైవరు పక్కన గొట్టాలమ్మ కూర్చుంది. యార్డులో మట్టి దించాకే చీటీ తీసుకుంది.

పంపు తాళం తీశారు. మూడోరోజు సారు బకెట్టుతో పల్లంలోకి దిగాడు.

"వరసలో నిలబడండి" అంది అక్క.

తన వంతు రాగానే నీళ్లు పట్టుకుని గొట్టాలమ్మ వైపు తిరిగాడు. "ఇవి మంచివేనామ్మా?" జీవితంలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే అయ్యుంటుంది.

"మంచివని మూడు నెలలు మీరే సంతకం పెట్టారు కద సార్!"

ఆయన తన సంతకాన్ని తనే నమ్మలేక, నీళ్లన్నీ పారబోసి, దాహంతోనే ఎగువకి నడిచాడు.