అందివ్వని మాట

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు తన ఫోటోకు దండ వేస్తుంటే చూసి, సీరియల్‌లో తాను చచ్చిపోయానని అమలకు తెలిసింది.

ఆరేళ్లుగా ఆ సీరియల్‌లో ఆమె ఇంటిల్లిపాదినీ ఏడిపించే మేనత్త. మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్మే తల్లి కాశమ్మ దగ్గరికి వచ్చి, "నీ బిడ్డకు గంత పాపమెందుకమ్మా?" అని ఆడవాళ్లు కొట్లాడిపోయేవారు. కాశమ్మ నవ్వి, కొసరుగా కొత్తిమీర వేసేది. అయితే తిట్లు తినే ముఖమే అమలది. తెర మీద వినిపించే గొంతు మరొకరిది. డైరెక్టర్ పురుషోత్తం మొదటిరోజే తేల్చేశాడు: "నీ ముఖం చాలు. నీ గొంతుల కూరగాయల మార్కెట్ వినవడతది. పనికిరాదు."

ఆ మాట ఇంకెవరన్నా అమల మరిచిపోయేదేమో. చార్మినార్ దగ్గర తన ముత్యాల దుకాణం పైగదిలో నాటక సమాజం నడిపినవాడు ఈ పురుషోత్తమే. పంతొమ్మిదేళ్లప్పుడు ఆమె ఆ మెట్లెక్కింది. పదేళ్లు ఆయన పక్కన, ఆ గొంతుతోనే, నాటకాలాడింది. వేదికెక్కితే ఆయనకు మాటలు జారిపోయేవి. ఆయన ఆగిన చోటల్లా అమల ఆ మాటను ప్రశ్నగా మార్చి అందించేది. "తమ్ముణ్ణి జైలుకు పంపింది నువ్వేనా?" అని ఆమె అడిగితే, "అవును, నేనే!" అని ఆయన గర్జించేవాడు. చప్పట్లు ఆయనకు పడేవి.

సీరియల్ ఆరో ఏట ఆమె ధైర్యం చేసి, "సార్, ఒక్క ఎపిసోడ్‌కు నా డబ్బింగ్ నేనే చెప్పుకుంట" అని అడిగింది. "చూద్దాం" అన్నాడాయన. మరుసటి వారమే ఫోటోకు దండ పడింది.

అక్కడితో వదల్లేదు. ఎవరు ఆమెను తీసుకోబోయినా ఫోన్ చేసి, "టైముకు రాదు భాయ్, సెట్ల మస్తు లొల్లి" అని చెప్పేవాడు. మేకప్ చేసే జోయెల్ చెవినేసేదాకా ఆమెకు ఆ సంగతే తెలియదు. నాలుగేళ్లు పని దొరకలేదు. తల్లి పక్కన కూర్చుని పాలకూర కట్టలు కట్టింది. కూరలు కొనేవాళ్లు గుర్తుపట్టి సెల్ఫీ అడిగేవారు. ఆమె నవ్వేది. పళ్లు బిగపట్టి నవ్వడం అలవాటైపోయింది.

ఆ తర్వాత ఒకరోజు పురుషోత్తమే ఫోన్ చేశాడు. అరవై నిండుతున్నాయట. సన్మానం చేస్తున్నారట, ఆయన పాత నాటకం మళ్లీ వేయిస్తున్నారట. లాడ్ బజార్ గాజుల వ్యాపారి ఒకడు చెల్లెల్ని ఇంట్లోంచి గెంటేసి, ఇరవై ఏళ్లకు క్షమాపణ అడిగే కథ అది. వ్యాపారి ఆయనే.

"చెల్లె ఏషం నువ్వే ఎయ్యాలె అమలా. పాతయి మనసుల పెట్టుకోకు."

"గవన్నీ ఎప్పుడో మర్చిపోయిన సార్" అంది అమల.

రిహార్సల్ మూడు వారాలు నడిచింది. ఆయన తడబడకముందే ఆమె మాట అందించేది. సగం మాటకు అందించేది, ఊపిరి పీల్చేలోపు అందించేది. రెండో వారానికి ఆయన కాగితం చూడటమే మానేశాడు. స్టేజీ పనులు చూసే స్రవ్య భయపడి, "అక్కా, సార్‌కు ఆఖరి సీన్ అస్సల్ వస్తలేదు. ఎనక ఎవరినన్న నిలబెడ్దామా?" అని అడిగింది.

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద" అంది అమల.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. మొదటి రెండంకాల్లో అమల ఆయన్ని చంటిపిల్లాణ్ణి నడిపించినట్టు నడిపించింది. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు "ఈ వయసులో ఏం జ్ఞాపకశక్తి!" అనుకున్నారు.

ఆఖరి సీను వచ్చింది. పురుషోత్తం చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "చెల్లే..." అని ఆగాడు. ఆమె వైపు చూశాడు.

అమల కదల్లేదు.

"చెల్లే, నేను నీకు..." మళ్లీ ఆగాడు. నుదుటి మీద చెమట రంగును చీల్చుకుని దిగింది. హాల్లో ఎవరో దగ్గారు. ఆయన గొంతు తగ్గించి గుసగుసగా అన్నాడు: "అమలా, తర్వాత ఏంది? జల్ది చెప్పు!"

ఆయన కాలర్‌కు మైకుంది. ఆ గుసగుస బాల్కనీదాకా వినిపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరుసల వెంట పాకింది.

అప్పుడు అమల నోరు విప్పింది. "నా గొంతు పనికిరాదన్నరు గద సార్. మీ మాటలు మీరే చెప్పుండ్రి."

ఆయన లేవబోయాడు. మోకాలు పట్టేసి మళ్లీ కూలబడ్డాడు. అమల చేయి అందివ్వలేదు. తెర పడేదాకా ఆయన్నే చూస్తూ నిలబడింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె దవడలు వదులయ్యాయి.

లోపల గదిలోకి పురుషోత్తం ఊగిపోతూ వచ్చాడు. "గింత మంది ముంగట నా ఇజ్జత్ తీసినవ్!"

"మీరు నన్ను చంపి దండేసిన్రు సార్. నేను మాట అందియ్యలే, గంతే."

ఆయన వెళ్లిపోయాడు. తలుపు దగ్గర స్రవ్య కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "ఇది నా మొదటి షో అక్కా" అంది. అమల ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయింది. స్రవ్య పక్కకు జరిగింది.

ఎవరో తీసిన వీడియో తెల్లారేసరికి ఊరంతా తిరిగింది. పురుషోత్తం మళ్లీ వేదికెక్కలేదు. ఇక అమల పక్కన వేషం వేసేది లేదని ఇద్దరు ముగ్గురు నటులు కూడా తెగేసి చెప్పారు. కొత్త సీరియల్ వాళ్లొకరు పిలిచారు. గొంతు తనదే ఉండాలని ఆమె అడిగింది. ఆలోచించి చెప్తామన్నారు.

మార్కెట్లో కాశమ్మ ఆ వీడియో రెండుసార్లు చూసి ఫోన్ తిరిగిచ్చింది.

"ఇంత కోపం కడుపుల వెట్టుకొని నాలుగేండ్లు బువ్వెట్ల తిన్నవే?"

"మస్తు ఆకలయ్యేదమ్మా" అంది అమల, పాలకూర మీద నీళ్లు చల్లుతూ.