హాజెల్‌రోడ్ రొట్టె మీద ముద్ర

హాజెల్‌రోడ్‌లో శనివారం రొట్టెల రోజు. తెల్లారీ తెల్లారకముందే ఓటీలియ మేడగదిలోంచి దిగి, పొయ్యింటి తలుపు తీసి, ఎండుపుల్లల మోపులు పొయ్యి నోట్లోకి తోసి నిప్పంటించేది. ఊరంతటికీ అదొక్కటే పొయ్యి. దాని మీద ఒక్కటే గది. ఆ గదిలో ఆమె ఒక్కతే. గోడలు వెచ్చగా ఉంటాయి కాబట్టి చలికాలంలో కూడా పిల్లిలా హాయిగా పడుకుంటుందని ఊళ్ళో ఆడవాళ్ళు అసూయపడేవారు. పడనీ అనేది ఆమె.

ఎవరి వంతు ముందో, ఎవరిది తర్వాతో తేల్చడానికి శుక్రవారం మధ్యాహ్నం చర్చి గంట కొట్టగానే చీట్లు తీస్తారు. కాగితం చీట్లు కావు, ఇంటి గుర్తు చెక్కిన చెక్కముక్కలు. మొదటి వంతు పడ్డవాళ్ళు ఏడ్చుకుంటూ రావాలి. వారమంతా చల్లారిన పొయ్యిని వేడెక్కించడానికి వాళ్ళ కట్టెలే తగలబడతాయి. ఈసారి ఆ వంతు ఎకార్ట్ ఇంటికి పడింది. చెక్కముక్క సంచీలోంచి తీసింది ఓటీలియే. ఆమె మూతి చివర సన్నగా కదిలిన నవ్వు చూసి పక్కింటి మిన్నా, "దేవుడున్నాడు," అంది.

కానీ ఈ శనివారం ఎవరికీ నవ్వు రావడం లేదు. రోడ్డుకు అవతల పసుపుపచ్చ బుల్‌డోజరు నిలబడి ఉంది. నిన్న సాయంత్రమే వచ్చింది. పొయ్యిల్లు పడగొట్టి అక్కడ బస్సు తిరగడానికి చోటు చేస్తారట. ఓటీలియను టౌనులో వృద్ధాశ్రమానికి పంపుతారట. అక్కడ నలుగురికి ఒక గది, ఆరింటికి భోజనం, రొట్టె మిషను కోసింది. తలుపుకు అంటించిపోయిన ఉత్తర్వును ఆమె చదవలేదు. అన్ని అక్షరాలు కూడబలుక్కునే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు. కాగితం దళసరిగా ఉంది, నిప్పు రాజెయ్యడానికి పనికొచ్చింది.

కొత్త సంవత్సరం రోజున హాజెల్‌రోడ్ ఐడెన్‌బుర్గ్ టౌనులో కలిసిపోయింది. పైనున్న ప్రభుత్వం చిన్న ఊళ్ళన్నిటినీ అలాగే కలిపేసింది. మేయరుగా ఉన్న ఎకార్ట్ సంతకం పెట్టి వచ్చాడు. ఊరివాళ్ళు పెద్దగా గొడవ పెట్టుకోలేదు. సంతకాలతో ఏమవుతుంది, రొట్టె చెప్పాలి కదా అనుకున్నారు.

ఆ పొయ్యిలో కాలిన రొట్టె పైపెచ్చు మీద ఊరు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ ముద్ర పొంగుతుంది. ఎవరూ అచ్చు వేయరు. లోపలికి నున్నగా వెళ్ళిన ముద్ద బయటికి ముద్రతో వస్తుంది. మఠంవాళ్ళ ఏలుబడిలో వంకీకర్ర వచ్చేదట. తర్వాత ఏదో ప్రభువు అడవిపంది, దాని తర్వాత సింహం. ఫ్రాన్సువాడు తన తమ్ముణ్ణి రాజుగా పంపినప్పుడు గ్రద్ద వచ్చింది. రాజు మారిన సంగతి తపాలా బండి మోసుకొచ్చేసరికి ఊరివాళ్ళు ఆ గ్రద్దను వెన్న రాసుకుని తినేశారు. ప్రష్యా గ్రద్ద వేరు, దాని మొహం కోపంగా ఉండేదని ఓటీలియ నాయనమ్మ చెప్పేది. యుద్ధం అయ్యాక, ఊరు తన మేయరును తనే ఎన్నుకోవడం మొదలుపెట్టాక, ఊరి పేరులోని హాజెల్ చెట్టు కొమ్మ వచ్చింది. అప్పటినుంచి అదే. ఇక్కడ పన్ను కట్టాలన్నా, వాగు నీళ్ళు మళ్ళించాలన్నా ముందు రొట్టె చూస్తారు. రొట్టె మీద లేనివాడి మాట ఈ ఊళ్ళో చెల్లదు.

టౌనులో కలిశాక కూడా కొమ్మే వచ్చింది. కాకపోతే వారం వారం పలచబడుతూ వచ్చింది. పోయిన శనివారం రొట్టెను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే గానీ ఆకులు కనబడలేదు. మిన్నా కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసి, "ఉంది, ఉంది," అంది. ఆ గొంతులో వణుకు ఓటీలియకు తెలిసింది.

బుల్‌డోజరు నడిపేవాడు పక్క లోయలోని హిల్మార్. పొట్టిగా, ఎర్రగా ఉంటాడు. వాడి అమ్మమ్మది ఈ ఊరే, అందుకని వాడికి పద్ధతి తెలుసు. పొద్దున్నే వచ్చి టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నా మీద కోపం పెట్టుకోకు. మొదటి వాయి వచ్చేదాకా ఆగుతాను. టౌను ముద్ర, ఆ బురుజు, వచ్చిందనుకో, పని మొదలుపెడతాను. కొమ్మే వస్తే బండి తిప్పుకుని పోతాను. సరేనా?"

"సరే అనడానికి నేనెవర్ని?" అంది ఓటీలియ. "మట్టికాళ్ళతో లోపలికి రాకు."

అప్పుడే ఎకార్ట్ పిండిబుట్టలు మోసుకుంటూ వచ్చాడు. రొట్టెల దగ్గరికి మగవాళ్ళు రారు. అతని భార్యకు జ్వరమట.

"జ్వరమో, సిగ్గో!" అంది మిన్నా గట్టిగా.

"శుభోదయం, ఓటీలియ అత్తా," అన్నాడు ఎకార్ట్.

ఓటీలియ అతని వైపు తిరగలేదు. "మిన్నా, అతన్ని బుట్టలు ఆ బల్ల మీద పెట్టమను. మూతగుడ్డలు తీయమను. గాలికి పిండి ఎండిపోతోందని చెప్పు."

మిన్నా చెప్పలేదు. అతను విన్నాడు కదా. యుద్ధం ముగిసిన ఏడాదినుంచి ఆ ఇద్దరి మధ్యా మాటలు అలాగే నడుస్తున్నాయి, ఎవరో ఒకరి భుజం మీదుగా. మధ్యలో నిలబడటానికి ఎవరూ దొరకనప్పుడు ఆమె పిల్లితో చెప్పేది.

బొగ్గులు లాగింది. తడి గుడ్డ కట్టిన కర్రతో పొయ్యి నేల తుడిచింది. గుప్పెడు పిండి చల్లి చూసింది. గోధుమరంగు తిరిగింది గానీ మాడలేదు. చెక్కపార మీద ఒక్కో ముద్ద పెట్టి లోపలికి జార్చింది. ఎకార్ట్ ఇంటి రొట్టెల్ని ఎప్పుడూ గుమ్మం వైపు, వేడి సరిగ్గా అందని చోట పెట్టేది. ఈ రోజు చోటంతా వాళ్ళదే, చేసేదేమీ లేదు. ఇనుప తలుపు మూసింది.

ఇక ఎదురుచూపు.

ఆడవాళ్ళు గోడవారగా బల్ల మీద కూర్చున్నారు. ఎవరూ అల్లిక తీయలేదు. హిల్మార్ గుమ్మం బయట సిగరెట్టు వెలిగించాడు. ఎకార్ట్ మాత్రం లోపల మూలన నిలబడిపోయాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"బురుజొస్తే నీకు టౌనాఫీసులో కుర్చీ ఇస్తారటగా?" మిన్నా అడిగింది.

"కుర్చీ ఏం లేదు."

"మరి స్టూలా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఎకార్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను సంతకం పెట్టకపోయినా కలిపేసేవాళ్ళు. పెడితే రోడ్డన్నా వేస్తారని పెట్టాను. బస్సు వస్తుంది. మీ పిల్లలు మంచులో నడవక్కర్లేదు."

"మిన్నా," అంది ఓటీలియ, తలుపు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "వాళ్ళ నాన్న కూడా రోడ్డే వేస్తానన్నాడని చెప్పు."

గదిలో గాలి బిగుసుకుంది. ఆ మనిషి మాట ఎత్తితే ఎవరికైనా అంతే.

ఎకార్ట్ తండ్రి గుస్తాఫ్ యుద్ధం ముగిసేదాకా పన్నెండేళ్ళు ఊరిపెద్ద. ఆ పన్నెండేళ్ళూ రొట్టె మీద కొక్కేల శిలువ, ఆ స్వస్తిక్ గుర్తు, పొంగేది. ఓటీలియ పైపెచ్చు మొత్తం చెక్కేసి లోపలిదే తినేది. గుస్తాఫ్ ముద్ర రోడ్డు వైపు ఉండేలా రొట్టెను కిటికీలో నిలబెట్టేవాడు. ఎవరు చెక్కుతున్నారో, ఎవరు నిలబెడుతున్నారో అందరికీ తెలుసు. ఓటీలియ ఒక్క ఇంటిని కూడా మరిచిపోలేదు.

ఆఖరి వసంతంలో ఒక రొట్టెల రోజు, ఫిరంగుల మోత కొండ అవతలనుంచి వినబడుతుండగా, రొట్టెలు బోడిగా వచ్చాయి. ఏ ముద్రా లేదు. ఓటీలియ మొగుడు యోస్ట్ ఒక రొట్టెను రెండు చేతులతో ఎత్తి చూసి పెద్దగా నవ్వాడు. "పోయారు! ఇక ఎవడూ లేడు!" అని తెల్ల దుప్పటి తీసుకెళ్ళి లొంగుబాటు జెండాలా పొయ్యింటి పొగగొట్టానికి కట్టాడు. ముద్ర పోయిందంటే భయం పోయిందనుకున్నాడు. పాపం, ముద్రతో పాటు అడ్డుచెప్పేవాళ్ళు కూడా పోతారని అతనికి తట్టలేదు. గుస్తాఫ్ వచ్చాడు, "వీణ్ణి అడవి అంచుకు తీసుకెళ్ళండి," అన్నాడు. ఆ మాట అనే హక్కు ఆ రోజు అతనికి లేదు, రొట్టె బోడిగా ఉంది. అయినా తీసుకెళ్ళి కాల్చేశారు. తుపాకి పట్టుకుని వెనకాల నడిచినవాళ్ళలో మీసం రాని ఎకార్ట్ కూడా ఉన్నాడు. అమెరికావాళ్ళు ఆ వారమే వచ్చారు.

"వాసన వచ్చింది," అంది మిన్నా.

ఓటీలియ లేచింది. మోకాళ్ళు చప్పుడు చేశాయి. తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. పార లోపలికి తోసి మొదటి రొట్టెను లాగి బల్ల మీద పెట్టింది. రెండోది లాగింది. మూడోది లాగింది.

రొట్టెలు బోడిగా ఉన్నాయి.

కొమ్మ లేదు. బురుజు లేదు. మిన్నా రొట్టెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు వంచింది, ఇటు వంచింది. చేయి కాలుతున్నా వదల్లేదు. "లేదు," అంది చివరికి. "ఏమీ లేదు, ఓటీలియా."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెనక్కి జరిగారు. వాళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తుంది. చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళ మొహాలు చాలు.

హిల్మార్ మట్టికాళ్ళతో లోపలికొచ్చేశాడు. "ముద్రేది?"

"రాలేదు," అంది మిన్నా.

"అంటే? ఇప్పుడీ ఊరు ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

వాడు తల గోక్కున్నాడు. రొట్టెను చూశాడు, కిటికీలోంచి బండిని చూశాడు. "సాయంత్రానికి బండి తిరిగి అప్పగించాలి నేను. పడగొట్టమనేవాడు లేడు, సరే. ఆపమనేవాడు కూడా లేడు కదా?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"టౌనువాళ్ళ ఉత్తర్వు ఉంది..." అన్నాడు ఎకార్ట్, గొంతు సర్దుకుంటూ.

"అది రొట్టె మీద లేదు, నాకు చెప్పకు," అన్నాడు హిల్మార్. "నా పని నేను చేసుకుపోతాను. ఆపేవాళ్ళు లేనప్పుడు నేనెందుకు ఆగాలి? అందరూ బయటికి నడవండి."

వాడు చెడ్డవాడు కాదు. యోస్ట్‌ను తీసుకెళ్ళినవాళ్ళలో కూడా అందరూ చెడ్డవాళ్ళు కారు. ఇంజను మొదలయ్యేసరికి కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆడవాళ్ళు గౌన్లు ఎత్తిపట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు. బుల్‌డోజరు పలక నేలనుంచి లేచింది, వంగింది, గోడ వైపు తిరిగింది.

ఓటీలియ గుమ్మంలో నిలబడింది. వీపుకు పొయ్యి వేడి, మొహానికి చలిగాలి. ఇన్నేళ్ళూ ఆ రోజును నమిలీ నమిలీ ఆమె పళ్ళు అరిగాయి గానీ ఒక్క సంగతి ఇప్పుడే మింగుడుపడింది. ఆ రోజు గుస్తాఫ్ దగ్గర ఏమీ లేదు. ముద్ర లేదు, హక్కు లేదు, వెనకాల ఎవరూ లేరు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడు వాడు ముందుగా నోరు తెరిచాడు. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

"ఎకార్ట్!"

అంతమంది ఆడవాళ్ళూ గిరుక్కున తిరిగారు. ఆమె నోట ఆ పేరు విననివాళ్ళే సగం మంది.

"పోయి ఆ బండి ముందు నిలబడు."

ఎకార్ట్ ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత అతని కాళ్ళు నడిచాయి. ఎందుకని అడగలేదు, వెనక్కి తిరగలేదు. గోడకూ పలకకూ మధ్యన బురదలో నిలబడి చేతులు కిందికి వేలాడేశాడు. బండి వస్తూనే ఉంది. మిన్నా మొహం కప్పుకుంది. ఇనుప పలక అతని కోటు గుండీల దాకా వచ్చి ఆగింది.

"అడ్డు తప్పుకో, పిచ్చోడా!" హిల్మార్ పైనుంచి అరిచాడు.

"హిల్మార్," అంది ఓటీలియ. గొంతు పెంచలేదు. "ఇంజను ఆపు."

"చెప్పడానికి నువ్వెవరు?"

"ముందు చెప్పినదాన్ని."

వాడు సీట్లోంచి ముందుకు వంగాడు. గుమ్మంలో నిలబడ్డ ముసలామెను చూశాడు. ఆమె వెనక బల్ల మీద బోడి రొట్టెల్ని చూశాడు. అమ్మమ్మ చెప్పినవేవో గుర్తొచ్చాయేమో, తాళం తిప్పాడు. ఇంజను దగ్గి చచ్చిపోయింది. అప్పుడు పొయ్యిలో ఇటుకలు చల్లారుతున్న టిక్ టిక్ చప్పుడు రోడ్డు దాకా వినబడింది.

"రెండో వంతు ఎవరిది?" అంది ఓటీలియ. "పిండి పులిసిపోతోంది. కదలండి."

ఆ తర్వాత కూడా ఆ పొయ్యిలో రొట్టెలు బోడిగానే వచ్చాయి. టౌనునుంచి ఉత్తర్వులు వచ్చాయి, ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు, ఇంకో బండి కూడా వచ్చింది. కానీ ఈ చుట్టుపక్కల బండి నడిపేవాడెవడూ రొట్టె చూడకుండా చెయ్యి వేయడు. చూశాక, "పెద్దమ్మ ఏమంటుంది?" అని అడుగుతాడు. పెద్దమ్మ ఏమంటుందో తెలిసిందే. చివరికి బస్సు కట్టెకోత మిల్లు దగ్గర తిరగడం అలవాటు చేసుకుంది. ఊరివాళ్ళు వాగు తగాదాలు, కంచె తగాదాలు ఆమె దగ్గరికే తెచ్చారు. ఆమె తీర్పులు న్యాయంగా ఉండేవని చెప్పలేం. ఎవరి తాత రొట్టెను కిటికీలో నిలబెట్టాడో ఆమెకు గుర్తుండేది, వాళ్ళ వాటా నీళ్ళు కాస్త ఆలస్యంగా వచ్చేవి. అయినా ఆమెను వృద్ధాశ్రమానికి పొమ్మనే నోరు ఎవరికీ రాలేదు.

ఆ శనివారం సాయంత్రం మాత్రం ఇలా జరిగింది. రొట్టెలన్నీ ఇళ్ళకు చేరాయి. హిల్మార్ బండితో సహా పోయాడు. వాన మొదలైంది. ఓటీలియ మేడ మీద కిటికీ తలుపు వేయబోతూ కిందికి చూసింది. ఎకార్ట్ ఇంకా అక్కడే ఉన్నాడు. ముందు బండి లేదు, ఏమీ లేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అత్తా," అన్నాడు తలెత్తి, "వెళ్ళనా?"

"నేను చెప్పలేదుగా," అని తలుపు వేసింది.

కుర్చీలో కూర్చుంది. లేచింది. పిల్లికి పాలు పోసింది. రొట్టెముక్క కోసుకుంది గానీ తినలేదు. వాన పెంకుల మీద బాదుతూనే ఉంది. చీకట్లు కమ్ముకుంటుండగా కిటికీ తెరిచి, "ఇక పో!" అంది.

అతను కదల్లేదు.

"చెవుడా? పొమ్మన్నాను!"

"వినబడింది అత్తా," అన్నాడు ఎకార్ట్. "కాళ్ళు బిగుసుకుపోయాయి. రావడం లేదు."

ఓటీలియ కిటికీ మూసింది. తర్వాత సణుక్కుంటూ శాలువా కప్పుకుని, కర్ర తీసుకుని, ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టింది.